రాజవాక్కు, రేడియో: 1948 సెప్టెంబరు 17

రాజవాక్కు ప్రజలకు చేరుమార్గము యుగమునుబట్టి మాఱుచుండును. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవునకు వచ్చు సముద్రవర్తకులకిచ్చిన అభయము శిలాశాసనమై నిలిచినది. అసఫ్‌జాహీ ప్రభువుల ఆజ్ఞలు ఫర్మానాలుగ వెలువడి, జరీదా అను రాజపత్రమున అచ్చుపడుచుండెను. ఆ వంశమున కడపటి పాలకుని ఏలుబడి తుదిదశలో మాత్రము ఆయన మాట రేడియోమూలమున వినబడెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము తెలుగుదేశమున జరిగిన రేడియో ప్రసారములలో చరిత్రదృష్టికి ఇంతకంటె ముఖ్యమైనది వేఱొకటి కానరాదు.

ఈ కథకు పూర్వరంగము హైదరాబాదు పాతనగరమునకు దక్షిణమున గుట్టపై వెలసిన ఫలక్‌నుమా సౌధమున గలదు. పైగా వంశజుడగు నవాబు వికారుల్ ఉమరా 1884లో దీని నిర్మాణము నారంభించెను. తరువాత ఇది ఆఱవ నిజామగు మీర్ మహబూబ్ అలీఖానునకు సంక్రమించి, రాజాతిథుల విడిదియై ప్రసిద్ధి గాంచెను. 1906లో బ్రిటిషు యువరాజు సతీసమేతుడై హైదరాబాదునకు వచ్చి ఇందే బస చేసెను. ఆయనయే 1910లో పంచమ జార్జి యను పేర రాజయ్యెను.

రేడియోలో ప్రసంగించిన ప్రథమ బ్రిటిషు రాజు ఈ ఫలక్‌నుమా అతిథియే. 1924 ఏప్రిల్ 23న వెంబ్లీ సామ్రాజ్య ప్రదర్శన ప్రారంభోత్సవమున ఆయన పలికిన పలుకులు ప్రసారమయ్యెను. 1932లో క్రిస్మసునాడు సామ్రాజ్య ప్రజలనుద్దేశించి ఆయన చేసిన ప్రసంగమును రచించినవాడు రడ్యార్డ్ కిప్లింగు. కంఠము రాజుది, వాక్యము కవిది. ఈ భేదము ముందు రాబోవు విచారణకు మిక్కిలి అవసరము.

హైదరాబాదున రేడియో లేకపోలేదు. 1930 తరువాతి తొలి యేండ్లలో 200 వాట్ల చిన్న యంత్రముతో మొదలైన ప్రసారకేంద్రమును 1935లో నిజాము ప్రభుత్వము చేపట్టెను. అదియే దక్కను రేడియో. బ్రిటిషిండియాలో 1936నుండి ఆలిండియా రేడియో అను పేర నడచిన వ్యవస్థకు అది లోబడినది కాదు. యుద్ధానంతరము, 1946 నాటికి, లండనులోని బీబీసీ గృహ, వినోద, తృతీయ కార్యక్రమములని మూడు తెఱగుల శ్రోతలకు మూడు ప్రసారములు నడపుచుండెను. 1941 జనగణనానుసారము 1 కోటి 63 లక్షల ప్రజలుండి, అందు ఇంచుమించు సగము తెలుగువారేయైన సంస్థానమునకు రాజభాష ఉర్దూ. సాధనము కలిగియు మీర్ ఉస్మాన్ అలీఖాను 37 ఏండ్ల పాలనలో ఒకసారియైనను రేడియోలో మాటలాడియుండలేదు. రాజు దూరమున నుండుటయే రాజమర్యాదగ ఎంచబడిన కాలమది.

1948 సెప్టెంబరు 13న భారతసేనలు సంస్థానమున ప్రవేశించెను. 17వ తేది, శుక్రవారము నాటికి ప్రతిఘటన నిలువలేదు. ప్రధానమంత్రి మీర్ లాయక్ అలీ తన మంత్రివర్గముతో రాజీనామా యిచ్చెను. భారతప్రభుత్వమునకు హైదరాబాదున ఏజెంటు జనరలుగ నున్న కనయ్యలాల్ మాణిక్‌లాల్ మున్షీ నిజామును రేడియోలో ప్రసంగింప ప్రోత్సహించి, ప్రసంగపాఠమును తానే సిద్ధపఱచెను. యుద్ధవిరమణము, రజాకార్ల నిషేధము, స్వామి రామానందతీర్థుని విడుదల, సికింద్రాబాదు బొల్లారములకు భారతసేన వచ్చుటకు అనుమతి: నాటి ప్రకటనలోని ముఖ్యాంశములివి. మఱునాడు సేనాధిపతి ఎల్ ఎద్రూసు మేజర్ జనరల్ చౌధురికి లొంగిపోయెను. సెప్టెంబరు 23న నిజాము మఱల రేడియోలో మాటలాడి, కొద్దిమందితో కూడిన యొక వర్గము అధికారమును బలాత్కారముగ హస్తగతము చేసికొని తన్ను నిస్సహాయుని గావించెనని చెప్పెను. భద్రతాసమితియందలి ఫిర్యాదును ఉపసంహరించుకొన్నట్లు అంతకుముందే తంతి పంపియుండెను.

ఇచట పరిశీలింపదగిన విషయమొకటి గలదు. 1932లో కిప్లింగు రచించిన వాక్యము, పంచమ జార్జి కంఠమున వెలువడి రాజ్యబంధమును బిగించుటకు ఉద్దేశింపబడినది. 1948లో మున్షీ రచించిన వాక్యము నిజాము కంఠమున వెలువడి ఆయన స్వతంత్రపాలన ముగిసెనని చాటినది. రెంటను కర్త యొకడు, వక్త వేఱొకడు. అయినను మొదటిచోట రచయిత రాజు పక్షమువాడు. రెండవచోట ఎదుటిపక్షపు ప్రతినిధి. కావున ఈ ప్రసంగమును నిజాము స్వహృదయప్రకటనగ గ్రహించుట యుక్తము కాదు. బలవంతపు పలుకని త్రోసివేయుటయు యుక్తము కాదు. ఆ కంఠమునకు సేనలు కట్టుబడెను. అందుచేత అది ఫర్మానాయే.

అయితే ఆ ఫర్మానా అధికారము ఎంతవఱకు వ్యాపించెను? రెండు సైన్యముల పోరు దానితో ఆగెను. తెలంగాణ పల్లెలలోని సాయుధపోరాటము ఆగలేదు. అది 1951 అక్టోబరువఱకు సాగెను. సేనాప్రవేశసమయమునను తదనంతరమును జరిగిన హత్యాకాండను విచారించిన పండిత సుందర్‌లాల్ సమితి మృతులు 27,000 మొదలు 40,000 వఱకు ఉందురని అంచనా వేసెను. ఆ నివేదిక దశాబ్దములపాటు ప్రజలకు అందుబాటున లేకుండెను. రాజకంఠమును క్షణములో దేశమంతట వినిపింపగల సాధనమున్న కాలముననే, మృతుల సంఖ్య తెలియుటకు ఒక తరము చాలలేదు.

ఆలిండియా రేడియో విజయవాడ కేంద్రము 1948 డిసెంబరు 1న ప్రారంభమయ్యెను. దక్కను రేడియో 1950 ఏప్రిల్ 1న ఆలిండియా రేడియోలో విలీనమయ్యెను. శాసనమును చదువువాడు శిలపై నున్న అక్షరములతోడనే తృప్తినొందక, దానిని చెక్కించినవాని ఉద్దేశమును, అందు చెప్పక విడిచిన విషయమును విచారించును. రేడియో ప్రసంగమును చరిత్రాధారముగ స్వీకరించువానికిని ఈ మార్గమే శరణ్యము. సెప్టెంబరు 17నాటి ప్రసంగము సత్యమైన ఆధారమే. కాని అది ప్రభుత్వముల నడుమ కుదిరిన విరమణకు ఆధారము, ప్రజలు అనుభవించిన దానికి కాదు.