పిలువని జాబులు

తపాలాబిళ్ళ అంటింపని జాబును బేరింగు జాబు అందురు. దాని రుసుము పుచ్చుకొనువాడే చెల్లింపవలెను. అక్కరలేదన్నచో త్రిప్పి పంపవచ్చును. ఈ-మెయిలులో కుప్పలుగా వచ్చిపడు స్పామ్ జాబులును ఇట్టివే. పంపువానికి ఖర్చు లేదు, భారమంతయు అందుకొనువానిది. త్రిప్పి పంపు వీలు మాత్రము లేదు.

ఈ లోపము మొదటనే కనబడినది. అమెరికా రక్షణశాఖ ధనముతో నడచిన ఆర్పానెట్ అను కంప్యూటర్ల వలలో, అక్కరలేని సందేశములను నిరాకరించు ఏర్పాటు లేదని 1975 నవంబరులో జాన్ పోస్టెల్ వ్రాసెను. 1978 మే 3వ తేదీన ఆ భయము నిజమయ్యెను. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీ విక్రయోద్యోగి గ్యారీ థర్క్, తమ క్రొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మని సుమారు 400 మందికి ఒకే జాబు పంపెను. చిరునామాలను అచ్చుపుస్తకమునుండి ఏరి ఒక్కొక్కటే టైపు చేయించిరి. వాటికి కేటాయించిన చోటు చాలక, మిగిలినవి జాబులోనికే ఒలికెను! చదువరులకు ఆహ్వానముకంటె ముందు చిరునామాల బారు కనబడెను. అధికారులు మందలించిరి. ఒకరినొకరు ఎరిగిన చిన్న సమాజమగుటచే అప్పటికి అది చాలెను.

1982లో పోస్టెల్ రచించిన తపాలా నియమావళియు పంపువాడు చెప్పిన పేరునే నమ్మెను. దొంగపేరు పెట్టుకొనుట ఎవరికైనను సులభమే.

ప్రతి జాబుకు పంపువాని కంప్యూటరుచే ఒక కఠినమైన లెక్క చేయింపవలెనని 1992లో సింథియా డ్వర్క్, మోనీ నవోర్ సూచించిరి. ఒక జాబు వ్రాయువానికి క్షణకాలము నష్టము. కోటి జాబులవానికి కోటి క్షణములు. బిళ్ళకు బదులు శ్రమ యన్నమాట. ఆలోచన చక్కనిదే. కాని స్పామ్ వ్యాపారి తన కంప్యూటరును వాడడు. వైరస్ సోకిన పరుల కంప్యూటర్లచే పంపించును. ఆ శ్రమయు పరులదే యగును. 2003లో అమెరికాలో చట్టము వచ్చెను. అది చట్టమును లెక్కచేయు వారినే కట్టడి చేసెను. జాబులోని మాటలనుబట్టి స్పామును గుర్తించు జల్లెడలు వచ్చెను. వ్యాపారులు అక్షరములు మార్చి వ్రాయసాగిరి.

ఇంత పట్టుదల యెందుకు? 2008లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇట్టి కంప్యూటర్ల ముఠాలో చొరబడి లెక్కించిరి. మందుల ప్రకటనలు సుమారు 35 కోట్లు 26 దినములలో పోగా, కొనుటకు సిద్ధపడినవారు 28 మంది. అనగా కోటి పాతికలక్షల జాబులకు ఒక్కడు. బిళ్ళ ఖర్చు లేనివానికి ఆ ఒక్కడే చాలును.

ఆ సంవత్సరము నవంబరులోనే, ఇట్టి ముఠాలకు ఆశ్రయమిచ్చిన మెకోలో అను కాలిఫోర్నియా సంస్థకు ఇంటర్నెట్ సంబంధము తెంచివేసిరి. ప్రపంచపు స్పామ్ ఒక్కమారుగా సగమునకు పైగా తగ్గెను. కొలది మాసములలోనే మరల పూర్వపు మట్టమునకు చేరెను.