లాభాల లెక్క – వాటాల బజారు: బందరు రేవు నుంచి సత్యం కంప్యూటర్స్ దాకా

బందరులో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అనే పేర్లు నేటికీ నిలిచి ఉన్నాయి. వలందులంటే హాలెండు దేశస్థులు, పరాసులంటే ఫ్రెంచివారు. ఈ పేటలను చూపి మన పాఠ్యగ్రంథాలు పరదేశ వర్తకుల రాకను గురించి చెబుతాయి. కాని ఆ వర్తకుల వెంట వచ్చిన మరొక సంస్థను గురించి అవి మాట్లాడవు. అది వాటాల బజారు. ఒక కంపెనీ లెక్కల కాగితం వెలువడిన గంటలోనే వేలకోట్ల రూపాయల విలువ పుట్టడం, లేదా మాయం కావడం ఈనాడు మనం చూస్తున్నాం. కంప్యూటరు కంపెనీల విషయంలో ఇది మరీ తీవ్రం. ఇదంతా ఏదో నవీన యంత్రయుగపు వింత అని చాలామంది భావిస్తారు. చరిత్రను పరిశీలిస్తే అట్లా కనిపించదు. దీని మొదళ్లలో ఒకటి మన బందరు రేవులోనే ఉన్నది.

1

హాలెండు దేశపు ఈస్టిండియా కంపెనీ 1602లో ఏర్పడింది. ఆ శతాబ్దపు మొదటి దశాబ్దంలోనే గోలకొండ సుల్తాను అనుమతితో బందరులో వర్తక స్థావరం పెట్టింది. కోస్తాలో నేసిన, అద్దిన బట్టలను తూర్పు దీవులకు పంపి, వాటికి మారుగా సుగంధద్రవ్యాలు కొని ఐరోపాకు చేర్చడం దాని వ్యాపార సూత్రం. 1611లో ఇంగ్లీషువారి ‘గ్లోబ్’ ఓడ బందరు చేరింది. అదే సంవత్సరం ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో కొత్త వర్తక భవనం తలుపులు తెరిచింది. హాలెండు కంపెనీ వాటాలు అక్కడ చేతులు మారుతుండేవి.

ఆ వాటాల ధర దేనినిబట్టి పెరిగేది, దేనినిబట్టి తగ్గేది? ఓడల వార్తనుబట్టి. ఎన్ని ఓడలు బయలుదేరాయి, ఎన్ని మునిగాయి, ఏ సరుకు ఎంత వస్తున్నది అన్న కబురే ఆనాటి లాభనష్టాల నివేదిక. కబురు ముందు తెలిసినవాడు కొన్నాడు, లేదా అమ్ముకున్నాడు. వెనక తెలిసినవాడు మునిగాడు. బందరు పరిసరాల నేతగాడి మగ్గానికీ ఆ ధరకూ సంబంధం ఉన్నది. కాని ఆ ధర సంగతి నేతగాడికి తెలియదు.

కబురుకు ఇంత విలువ ఏర్పడినప్పుడు అబద్ధపు కబురుకు కూడా విలువ ఏర్పడక తప్పదు. ఐజాక్ ల మేర్ అనే వర్తకుడు ఆ కంపెనీ తొలి వాటాదారులలో పెద్దవాడు, ఒకప్పటి డైరెక్టరు. 1609లో అతడూ అతని జట్టువారూ తమ వద్ద లేని వాటాలను ముందుగా అమ్మి, కంపెనీని గురించి చెడ్డ వదంతులు పుట్టించి, ధర పడగొట్టి లాభపడజూశారు. 1610లో ప్రభుత్వం ఇటువంటి అమ్మకాలను నిషేధించింది.

ఐతే తప్పు ఒక పక్కనే లేదు. పదేళ్లకొకసారి లెక్కలు చూపుతామని శాసనపత్రంలో రాసుకున్న కంపెనీ ఆ మాట నిలుపుకోలేదు. 1622 ప్రాంతంలో వాటాదారులు కరపత్రాలు వేసి లెక్కలు చూపమని గొడవ చేశారు. “మా సొమ్ము ఏమైంది? లెక్క చెప్పండి” అన్న ఈ కోరిక ఆనాటికి ప్రగతిశీలమైనదే. రాజులూ కంపెనీ పెద్దలూ రహస్యంగా అట్టిపెట్టుకున్న లెక్కను బహిరంగం చేయమన్న కోరిక అది.

1688లో ఆమ్‌స్టర్‌డామ్ నివాసి జోసెఫ్ ద లా వేగా ఈ బజారును గురించి స్పానిషు భాషలో ఒక గ్రంథం రాశాడు. వాటాల ధరను కదిపేవి ఇండియా పరిస్థితులు, ఐరోపా రాజకీయాలు, బజారులోని అభిప్రాయం – ఈ మూడే అన్నాడు. జరిగిన సంఘటనకన్నా జరుగుతుందన్న ఊహే బజారును ఎక్కువగా కుదుపుతుందని కూడా గమనించాడు. ఈ చివరి మాట మన విషయానికి ఆయువుపట్టు.

2

లెక్కలను క్రమంగా, బహిరంగంగా ప్రకటించే విధానం వాటంతటవే వచ్చినది కాదు. 1929లో అమెరికా వాటాల బజారు కుప్పకూలి కోట్లాదిమంది వీధిన పడ్డ తరువాతే 1933, 1934 చట్టాలు వచ్చాయి. అక్కడ ప్రతి మూడు నెలలకూ లెక్క చూపడం 1970లో తప్పనిసరి అయింది. మన దేశంలో సెబీకి 1992లో చట్టబద్ధమైన అధికారాలు వచ్చాయి. త్రైమాసిక ఫలితాల పద్ధతి 1990ల చివర స్థిరపడింది. త్రైమాసికం ముగిసిన 45 రోజుల లోపల కంపెనీ తన ఆదాయాన్నీ, లాభాన్నీ ప్రకటించాలి.

లాభం పెరిగితే వాటా ధర పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది అని సామాన్యంగా అనుకుంటాం. వ్యవహారం అంత సరళంగా లేదు. ఇన్ఫోసిస్ కంపెనీ 2003 ఏప్రిల్‌లో ఫలితాలు ప్రకటించినప్పుడు గడిచిన ఏడాది లాభం పెరిగిందనే చెప్పింది. ఐనా రాబోయే ఏడాదికి అది చెప్పిన అంచనా బజారు కోరుకున్నంత లేదు. ఒక్కరోజులో వాటా ధర నాలుగో వంతుకు పైగా పడిపోయింది. 2013 ఏప్రిల్‌లో మళ్లీ అదే జరిగింది. వచ్చే ఏడాది ఆదాయం 6 నుంచి 10 శాతం పెరుగుతుందని కంపెనీ అన్నది. పరిశ్రమ మొత్తానికి 12 నుంచి 14 శాతం అంచనా ఉన్నది. ఆ తేడాకే ఒక్కరోజులో 21 శాతం ధర పోయింది. ఆ కంపెనీ లెక్కల్లో దొంగతనమేమీ లేదు. దాని ఉద్యోగులు క్రితం రోజుకన్నా తక్కువ పనిచేసిందీ లేదు.

దివిసీమ రైతుకు ఇది బొత్తిగా అర్థం కాని విషయం కాదు. కోడూరు, నాగాయలంక పొలాల్లో పైరు పొట్టమీద ఉండగానే ధాన్యానికి ధర కట్టి బయానా ఇచ్చే వ్యాపారి కొనేది ధాన్యాన్ని కాదు, ధాన్యం వస్తుందన్న ఆశను. ఐతే ఆ ఆశకు ఒక హద్దు ఉన్నది. చివరకు కల్లంలో కుప్ప నూర్చాలి, కాటా వేయాలి. లేని బస్తాను ఉన్నదని చూపడం ఎవరి తరమూ కాదు. కంప్యూటరు కంపెనీకి కల్లం లేదు. అది అమ్మేది మనుషుల మేధాశ్రమను; కొనేవాడు సముద్రాల కవతల ఉంటాడు; పండిన పంటకు సాక్ష్యం ఒక బిల్లు కాగితం, ఒక బ్యాంకు కాగితం. కనుక బజారు ఆశకూ నిజమైన పంటకూ మధ్య నిలిచే కాటా ఆ త్రైమాసిక నివేదిక ఒక్కటే. ఆ కాటాయే దొంగదైతే ఏమవుతుందో తెలుగుదేశం కళ్లారా చూసింది.

3

సత్యం కంప్యూటర్స్ 1987లో హైదరాబాదులో మొదలైంది. దాని స్థాపకుడు బి. రామలింగరాజు పశ్చిమ గోదావరి జిల్లా వ్యవసాయ కుటుంబం నుంచి వచ్చినవాడు. ఇది యాదృచ్ఛికం కాదు. ధవళేశ్వరం, బెజవాడ ఆనకట్టల తరువాత డెల్టాలో పోగుపడిన మిగులు ఏ దారులు పట్టిందన్నది ఆధునికాంధ్ర చరిత్రలో ముఖ్యమైన ప్రశ్న. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు బందరులో ఆంధ్రా బ్యాంకు పెట్టడం ఒక దారి. ఆ బ్యాంకు 1980లో జాతీయమై, 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. మిల్లులు, సినిమాలు, గుత్తపనులు మరికొన్ని దారులు. 1980ల తరువాత ఆ మిగులు, దానితోపాటు డెల్టా చదువుకున్న యువకులు కూడా హైదరాబాదు కంప్యూటరు కంపెనీల వైపు నడిచారు.

2001లో సత్యం వాటాలు న్యూయార్కు బజారులో కూడా చేరాయి. 2008 అక్టోబరులో కంపెనీ సెప్టెంబరు త్రైమాసికపు ఫలితాలు ప్రకటించింది: ఆదాయం 2,700 కోట్ల రూపాయలు, నిర్వహణ లాభం 649 కోట్లు. అంటే నూటికి 24 రూపాయలు. ప్రపంచమంతా ఆర్థిక సంక్షోభంలో పడి ఉండగా ఇటువంటి లెక్క ఎవరినైనా మురిపిస్తుంది. కంపెనీ పాలన ఆదర్శప్రాయమని అంతకు ముందునెలలోనే దానికి ఒక బహుమతి కూడా వచ్చింది.

2008 డిసెంబరు 16న సత్యం డైరెక్టర్లు రామలింగరాజు కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించారు. సత్యం అన్న పేరును ఇంగ్లీషు అక్షరాల్లో తిరగేస్తే మేటాస్ అవుతుంది. ఆ రోజు న్యూయార్కులో వాటా ధర సగానికి పైగా పడింది. కొన్ని గంటల్లోనే ప్రతిపాదన ఉపసంహరించారు. 2009 జనవరి 7న రామలింగరాజు డైరెక్టర్లకు రాసిన లేఖ బయటపడింది. సెప్టెంబరు త్రైమాసికపు నిజమైన ఆదాయం 2,112 కోట్లు. నిజమైన నిర్వహణ లాభం 61 కోట్లు, అంటే నూటికి 3 రూపాయలు. నగదు, బ్యాంకు నిల్వలుగా చూపిన 5,361 కోట్లలో 5,040 కోట్లు లేనే లేవు. ముందురోజు సుమారు 179 రూపాయలున్న వాటా ఆ సాయంత్రానికి 40 రూపాయలకు దిగింది. బొంబాయి సూచీ 749 పాయింట్లు పడింది.

ఈ అబద్ధం పెరిగిన తీరును గమనించాలి. లేని ఖాతాదారు పేర దొంగ బిల్లు రాస్తే ఆదాయం పెరిగినట్లు కనిపిస్తుంది. ఆ బిల్లు తాలూకు సొమ్ము ఏదని అడిగితే బ్యాంకులో ఉన్నదనాలి. దానికి దొంగ డిపాజిట్ కాగితం కావాలి. డిపాజిట్ ఉంటే వడ్డీ ఉండాలి. రాని వడ్డీ 376 కోట్లు కూడా లెక్కలోకి ఎక్కింది. ఒక త్రైమాసికంలో పెంచిన అంకెకన్నా మరుసటి త్రైమాసికంలో పెద్ద అంకె చూపాలి. చిన్నగా మొదలైన తేడా ఏటేటా పెరిగిందనీ, నిజం చూపితే ధర పడి కంపెనీ ఇతరుల చేతికి పోతుందనీ, మేటాస్ కొనుగోలు లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులను పెట్టడానికి చివరి ప్రయత్నమనీ ఆ లేఖే ఒప్పుకున్నది. స్థాపకుల వాటా అప్పటికి కంపెనీలో పదో వంతుకన్నా తక్కువకు దిగింది. అందులో చాలా భాగం తాకట్టులో ఉన్నది. తాకట్టు పెట్టినవాడికి వాటా ధర పడటమంటే వాటా చేజారడమే.

ప్రభుత్వం కొత్త డైరెక్టర్లను నియమించింది. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా వాటాకు 58 రూపాయల చొప్పున కంపెనీని చేజిక్కించుకున్నది. 2013లో విలీనం చేసుకున్నది. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజుతో సహా పదిమందికి ఏడేళ్ల శిక్ష విధించింది. వారు అప్పీలు చేసి ఆ మరుసటి నెలలో జామీనుపై విడుదలయ్యారు.

4

ఈ కథను ఒక వ్యక్తి దురాశగా చెప్పి ముగించడం సులభం. మన పత్రికలు చాలావరకు ఆ పనే చేశాయి. దురాశ లేదని నేననను. కాని దురాశ అన్ని యుగాల్లోనూ ఉన్నది. అది ఈ ప్రత్యేక రూపం ఎందుకు ధరించింది అన్నదే చరిత్రకారుడి ప్రశ్న.

1894లో వెలువడిన ‘కాపిటల్’ మూడో సంపుటంలో మార్క్స్ మిథ్యా పెట్టుబడిని గురించి చర్చించాడు. వాటా పత్రం రాబోయే లాభం మీద ఒక హక్కు మాత్రమే; ఐనా అది స్వతంత్రమైన ఆస్తిలాగా కొనుగోలు అమ్మకాలలో తిరుగుతుంది. అసలు పెట్టుబడి ఒకవైపు శ్రమతో కలిసి పనిచేస్తుండగా, దాని నీడ మరొకవైపు తన సొంత ధరతో పెరుగుతుంది, తరుగుతుంది. నీడ ఎక్కువ విలువైనదైనప్పుడు యజమాని శ్రద్ధ మనిషిని వదిలి నీడ మీదికి పోతుంది. లెక్కల నివేదిక జరిగిన పనిని కొలిచే కాటాగా పుట్టి, బజారుకు పంపే సరుకుగా మారుతుంది. సత్యంలో ఆ సరుకు దొంగసరుకు. దొంగతనం లేని చోట కూడా అది సరుకే.

అందుకు సాక్ష్యం ఆ నివేదికలలోనే ఉన్నది. కంప్యూటరు కంపెనీ ఖర్చులో సింహభాగం జీతాలు. నివేదికలో మనుషులు శాతాలుగా కనబడతారు: పనిలో ఎందరున్నారు, పని లేక ‘బెంచి’ మీద ఎందరున్నారు, ఎందరు మానేశారు. అంకె కొంచెం తగ్గేటట్లున్నప్పుడు సరిచేయడానికి దగ్గరి దారి ఈ శాతాల మీద చేయి వేయడమే. బెంచి మీది వారిని పంపివేస్తారు. నియామక పత్రం చేతికిచ్చిన విద్యార్థిని నెలల తరబడి చేర్చుకోకుండా కూర్చోబెడతారు. కొడుకు చదువుకు పొలం తాకట్టు పెట్టిన డెల్టా తండ్రికి వడ్డీ మాత్రం ఆగదు. ఈ కొరత ఏ పట్టికలోనూ ఎక్కదు.

కొందరు మిత్రులు ఇలా అనవచ్చు: “వాటాల బజారే జూదం. జూదగాళ్లు ఒకరినొకరు మోసగించుకుంటే మనకేమి?” ఈ వాదం చూడడానికి విప్లవాత్మకంగా ఉన్నా తర్కానికి నిలవదు. ఆ బజారులో కార్మికుల భవిష్యనిధి సొమ్ములో కొంత ఉన్నది. చిన్న ఉద్యోగుల పొదుపు ఉన్నది. వేలాదిమంది బతుకుతెరువు ఆ ధరకు కట్టుబడి ఉన్నది. మరికొందరు, నిబంధనలు పెరిగాయి కనుక జబ్బు కుదిరిందంటారు. 2013 కంపెనీల చట్టం ఆడిటర్లను నిర్ణీత కాలానికి మార్చాలన్నది, అది మంచిదే. ఐతే సత్యం లెక్కలమీద సంతకం చేసింది ప్రపంచ ప్రసిద్ధమైన ఆడిటు సంస్థే. గుట్టు విప్పింది ఆ సంతకం కాదు. ఇక దాచలేని స్థితి.

కాబట్టి లెక్క చూపమన్న 1622 నాటి కోరికను మనం వదులుకోరాదు; విస్తరింపజేయాలి. ఆనాడు లెక్క అడిగినవాడు వాటాదారు. ఈనాడు అడగవలసినవాడు పనిచేసేవాడు. ఎంత పని జరిగింది, ఎన్ని గంటలు, ఎందరిని ఏ కారణంతో తీసివేశారు, అధిపతుల వాటాల్లో ఎంత తాకట్టులో ఉన్నది – ఈ లెక్క ఉద్యోగుల సంఘం ముందు కూడా పెట్టాలి. దొంగ బిల్లులో ఉన్న పని జరగలేదని ముందుగా తెలిసే అవకాశం పనిచేసేవాడికే ఉన్నది. అడిగే హక్కు మాత్రం వాడికి లేదు. ఆనాటి బందరు నేతగాడు తన బట్ట మీద ఆమ్‌స్టర్‌డామ్‌లో పలికే ధరను ఎరగడు. ఈనాటి ఉద్యోగి ఆ ధరను చేతిలోని ఫోనులో గంటగంటకూ చూడగలడు. చూడడంవల్ల వాడి స్థితి మారలేదు. అడగగలిగిననాడు మారుతుంది. మన విద్యార్థులు పద్యానికి అర్థం చెప్పడంతోపాటు లాభనష్టాల పట్టికకు కూడా అర్థం చెప్పడం నేర్చుకోవాలి. ఆ పని మన కళాశాలలు చేయకపోతే మన సంఘాలు చేయాలి.