ఇంటి వైద్యమా, శానిటోరియమా: మద్రాసు క్షయ పరిశోధన

క్షయ సోకినవారికి మంచి గాలి, పుష్టికరమైన తిండి, నెలల తరబడి విశ్రాంతి తప్పనిసరి అన్న నమ్మకం 1950ల నాటికి మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం వంటి శానిటోరియాల చుట్టూ బలంగా పాతుకుపోయింది. కానీ దేశంలోని రోగుల సంఖ్యకూ ఉన్న పడకలకూ పొంతనే లేకపోవడంతో, ఐసోనియాజిడ్, పాస్ అనే మందులు అందుబాటులోకి వచ్చాక, వాటిని ఇంటి దగ్గరే వాడితే సరిపోదా అన్న ప్రశ్న తలెత్తింది.

దీన్ని తేల్చడానికి 1956లో మద్రాసులో ఏర్పడిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం, వాలెస్ ఫాక్స్ నాయకత్వంలో రోగులను రెండు బృందాలుగా విభజించింది. కొత్త పద్ధతిని పరీక్షించే బృందాన్ని ప్రయోగ బృందమనీ, దాని ఫలితాన్ని సరిపోల్చడానికి నిలిపే బృందాన్ని నియంత్రిత బృందమనీ అంటారు. నియంత్రిత బృందమంటే వైద్యం అందనివారని చాలామంది పొరబడతారు గానీ, ఇక్కడ ఆ స్థానంలో ఉన్నది అప్పటికి శ్రేష్ఠమనుకున్న శానిటోరియం చికిత్సే. ఇళ్లలో ఉండి మందులు వాడినవారే ప్రయోగ బృందం. రెండు బృందాలకూ ఏడాది పాటు అవే మందులు ఇచ్చారు.

ఎవరు ఏ బృందంలోకి వెళ్లాలన్నది వైద్యుల ఇష్టానికి వదలకుండా యాదృచ్ఛికంగా, అంటే కేవలం అవకాశాన్ని బట్టి నిర్ణయించడమే ఈ పరిశోధనకు ప్రాణం. ఎంపిక వైద్యుల చేతిలో ఉంటే జబ్బు ముదిరినవారిని శానిటోరియానికీ, తేలికగా ఉన్నవారిని ఇంటికీ పంపడం సహజం గనుక, చివరికి కనిపించే తేడా చికిత్సదో, రోగ తీవ్రతదో చెప్పడం ఎవరి తరమూ కాదు. ఇళ్లలో ఉన్నవారు మందులు నిజంగా మింగుతున్నారో లేదో తెలుసుకోవడానికి సిబ్బంది చెప్పాపెట్టకుండా వెళ్లి మిగిలిన మాత్రలు లెక్కపెట్టేవారు, మూత్రాన్ని పరీక్షించేవారు.

శానిటోరియంలోనివారు మెరుగైన ఆహారం తిని ఎక్కువ బరువు పెరిగారు. ఇంటి బృందంలోనివారు ఇరుకు గదుల్లో, చాలీచాలని తిండితో గడిపారు. అయినప్పటికీ ఏడాది చివర క్షయక్రిములు కనిపించని స్థితికి చేరినవారు శానిటోరియం బృందంలో 92 శాతం కాగా, ఇంటి బృందంలో 86 శాతం ఉన్నారని 1959లో వెలువడిన నివేదిక తెలిపింది. అన్ని హంగులూ ఒకవైపే ఉన్నా అంతరం ఇంత స్వల్పంగా తేలడమే ఈ పోలికలోని అసలు బలం.

రోగి ఇంట్లోనే ఉంటే కుటుంబానికి అంటుతుందన్న భయం సహేతుకమైనదే కనుక, పరిశోధకులు ఇరు బృందాల కుటుంబాలనూ అయిదేళ్ల పాటు గమనించి, ఇంటి వైద్యం వల్ల వారికి అదనపు ముప్పు కలగలేదని నిర్ధారించారు. 1962లో రూపొందిన జాతీయ క్షయ నివారణ కార్యక్రమం ఇంటి దగ్గర చికిత్సనే ఆధారం చేసుకుంది.