వీణాభ్యాసక్రమము

వీణ నేర్చువాడు ముందుగా దేనిని వాయింపవలయును, పిదప దేనిని వాయింపవలయును? ఇది అల్పమైన ప్రశ్నగా దోచవచ్చును. కాని దీనికి మన పూర్వులు చెప్పిన సమాధానమున నాలుగువందల యేండ్లకు మించిన యనుభవము కలదు. మనుమల విద్యాభివృద్ధిని విచారించు పెద్దలకు ఈ చరిత్రము వినదగినది.

మన సీమ యీ కళకు దూరమైనది కాదు. ముదిగుబ్బకు నైరుతిగా, పెనుగొండకు ఆవల, లేపాక్షి కలదు. అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) వర్ధిల్లిన ఆ వీరభద్రాలయమున, నాట్యమంటపస్తంభములపై వాద్యములు పట్టిన మూర్తులు నేటికిని నిలిచియున్నవి. 1550లో రామామాత్యుడు అళియ రామరాయల యాశ్రయమున స్వరమేళకళానిధిని రచించి, వీణపై మెట్ల నెట్లు నిలుపవలయునో వివరించెను. 24 మెట్లు గల నేటి వీణ తంజావూరి రఘునాథనాయకుని కాలమున రూపొందినదని సంప్రదాయము.

అభ్యాసక్రమమును ఏర్పరచినవాడు పురందరదాసు (1484–1564) అని సంగీతజ్ఞులందరు చెప్పుదురు. ఆయన బాలపాఠములకు మాయామాళవగౌళరాగమును గ్రహించెను. అందు షడ్జము మొదలు మధ్యమము వరకు గల యంతరములే పంచమము మొదలు తారషడ్జము వరకును గలవు. ఒకచోట నేర్చిన నడక రెండవచోట అక్కరకు వచ్చును. సరళీస్వరములలో కుడిచేతి చూపుడువ్రేలు, నడిమివ్రేలు మారి మారి మీటుట అలవడును. చిటికెనవ్రేలు తాళతంత్రులను పలికించును. జంటస్వరములలో రెండవ మీటునకు ఊనిక కుదురును. అలంకారములలో తాళము చేతికి వశమగును.

తరువాతివి గీతములు. మొదటి గీతములు మలహరిరాగమున నున్నవి. అది మాయామాళవగౌళజన్యము, కావున వ్రేళ్లు ఎరిగిన స్థానములనే త్రొక్కును, కాని ఇప్పుడు పాట పలుకును. పిమ్మట స్వరజతి, అటుపై వర్ణము. పచ్చిమిరియము ఆదియప్పయ్య భైరవీవర్ణమును రెండు కాలములయందు తడబడక వాయించినవానికి కృతుల ద్వారము తెరువబడును. తంత్రిని లాగి గమకమును పలికించు నేర్పు అచ్చట పరిపక్వమగును. 1904లో సుబ్బరామదీక్షితులు తెలుగులిపిలో ప్రకటించిన సంగీతసంప్రదాయప్రదర్శినియందు ఆ గమకములకు చిహ్నములు గూడ నిచ్చెను.

అన్యదేశములయందును ఇట్టి క్రమమే కానవచ్చును. 1879లో మదీరాద్వీపవాసులు హవాయిద్వీపములకు కూలికై వలసపోవుచు, తమ చిన్న తంత్రీవాద్యమును వెంట గొనిపోయిరి. దానినుండి నాలుగు తంత్రుల ఉకులేలే పుట్టినది. దానిని వ్రేళ్లతో మీటి నేర్చువారును మొదట బొటనవ్రేలితో పాటను మాత్రమే పలికించి, పిదప తక్కిన వ్రేళ్లతో తోడుస్వరములను చేర్చుదురు. వలసకూలి మూటలో ఇమిడిన వాద్యమునకును మెట్లు తప్పలేదు.

ఈ క్రమమునందలి గొప్పతనము కాఠిన్యమును పెంచుటలో మాత్రమే లేదు. ప్రతి మెట్టునందును విద్యార్థికి పూర్ణమైన వస్తువొక్కటి దక్కును. వానలు తప్పి, ఇల్లు గడువక, చదువు నడుమ మానిన బిడ్డలు మన సీమలో ఎందరో కలరు. గీతమువద్ద ఆగినవాడును రిక్తహస్తుడు కాడు. ఆరంభము మొదలు ముగింపు వరకు తనదైన పాట యొకటి వానికి మిగులును. మొదటినుండియు కృతినే పట్టి సగములో విడిచినవానికి మిగులునది తునక మాత్రమే.

కావున పెద్దలారా, పిల్లవాడు ఆరుమాసములైనను సరళీస్వరములనే వాయించుచున్నాడని విసుగుకొనకుడు. “కీర్తన యెప్పుడు?” అని అడుగుటకు మారుగా, “నిన్నటి పాఠము నొకమారు వినిపింపు నాయనా” అనుడు. వినువారున్న యింట విద్య నిలుచును.