ఈ మార్కులు ఎవరివి?

అమెరికాలో మొట్టమొదటి చార్టర్ స్కూలు (సర్కారు డబ్బుతోనే, కానీ సొంత పద్ధతుల్లో నడిచే బడి) 1992 సెప్టెంబరులో మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ పాల్ నగరంలో మొదలైంది. పేరు సిటీ అకాడమీ. సొంత భవనం లేక, నగరపాలక సంస్థవారి ఆటపాటల కేంద్రంలో తరగతులు పెట్టుకున్నారు. చేరినవాళ్ళు 30 పైచిలుకు. అందరూ హైస్కూలు చదువు మధ్యలో వదిలేసినవాళ్ళు. పేదరికం, మత్తుమందులు, కోర్టు కేసులు, ఇంట్లో దెబ్బలు... ఒక్కొక్కరిది ఒక్కో కష్టం. మిలో కట్టర్, టెర్రీ క్రాబెల్ అనే ఇద్దరు ఉపాధ్యాయులు వీళ్ళకోసమే ఆ బడి పెట్టారు.

బడి ఉన్న ఈస్ట్ సైడ్ ఒకప్పుడు కార్మికవాడ. అక్కడి వర్ల్‌పూల్ ఫ్యాక్టరీ 1984లో మూతపడింది. తండ్రులకు పనులు పోయిన ఇళ్ళూ, లావోస్ యుద్ధం తర్వాత శరణార్థులుగా వచ్చిన మోంగ్ కుటుంబాలూ ఆ చుట్టుపక్కలే ఉండేవి. పెద్ద హైస్కూళ్ళలో వందలమంది మధ్య ఒక పిల్లవాడు రావడం మానేస్తే, వాడి కోసం వెతుక్కుంటూ వెళ్ళే తీరిక ఎవరికీ ఉండదు. 30 మందిలో ఒకడు రాకపోతే ఆ పూటే తెలిసిపోతుంది. చిన్న బడి బలమంతా అక్కడే ఉంది.

ఈ ఆలోచనకు మూలం జర్మనీలో కనిపిస్తుంది. అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ టీచర్స్ అనే ఉపాధ్యాయ సంఘానికి అధ్యక్షుడైన ఆల్బర్ట్ షాంకర్ 1987లో కొలోన్ నగరంలోని హోల్‌వైడె పాఠశాల చూశాడు. టర్కీ నుంచి కూలికి వచ్చినవారి పిల్లలూ, స్థానికుల పిల్లలూ ఒకే గదిలో కూర్చుని చదువుతున్నారు. కొందరు ఉపాధ్యాయులు ఒక జట్టుగా ఏర్పడి, అవే పిల్లలతో ఆరేళ్ళపాటు కొనసాగుతున్నారు. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో నిర్ణయించుకునేది వాళ్ళే. షాంకర్‌కు అది బాగా నచ్చింది. మరుసటి ఏడాది మార్చి 31న వాషింగ్టన్‌లోని నేషనల్ ప్రెస్ క్లబ్‌లో మాట్లాడుతూ, మామూలు బడిలో నెగ్గుకురాలేని పిల్లల కోసం ఉపాధ్యాయులే ఇలాంటి బడులు నడపాలని ప్రతిపాదించాడు. రే బడ్ అనే ఆచార్యుడు అంతకుముందే రాసిన మాటను తీసుకుని, వాటిని చార్టర్ స్కూళ్ళన్నాడు.

1991లో మిన్నెసోటా సెనెటర్ ఎంబర్ రైక్‌గాట్ దీన్ని చట్టం చేయించింది. రాష్ట్రం మొత్తంమీద ఎనిమిది బడులకే అనుమతి. మరుసటి ఏడాదే కాలిఫోర్నియా అందుకుంది. ఇప్పుడు దేశమంతా 35 లక్షలకు పైగా పిల్లలు చార్టర్ స్కూళ్ళలో ఉన్నారు. లాభాపేక్ష గల సంస్థలు అడుగుపెట్టడం చూసిన షాంకర్ మాత్రం 1990ల తొలినాళ్ళలోనే దీనికి ఎదురు తిరిగాడు.

1998లో అరిజోనాలోని టూసాన్‌లో మొదలైన బేసిస్ బడులు కూడా చార్టర్లే. అదే రాష్ట్రంలోని చాండ్లర్ లాంటి చోట్ల వాటిలో ఆసియా కుటుంబాల పిల్లలు చాలా ఎక్కువ. ఇల్లు అద్దెకు తీసుకునే ముందు బడి రేటింగు చూసే మన తెలుగు కుటుంబాలకు ఆ పేరు కొత్త కాదు. సిటీ అకాడమీ రేటింగునూ, చాండ్లర్ బడి రేటింగునూ పక్కపక్కన పెట్టి ఇది గొప్పది, అది చెత్త అనడం అన్యాయం. బడిలోకి ఎవరు వస్తున్నారో చూడకుండా ఫలితాలు చదవడమంటే, ఆసుపత్రికి ఎలాంటి రోగులు వస్తున్నారో అడగకుండా డాక్టరు చేతివాసిని తూచడమే.

ఈ గొడవ 2004 ఆగస్టులో పత్రికలకెక్కింది. షాంకర్ నడిపిన సంఘమే జాతీయస్థాయి పరీక్షల లెక్కలు బయటపెట్టి, చార్టర్ స్కూళ్ళ నాలుగో తరగతి పిల్లలు అర్ధ సంవత్సరం వెనకబడి ఉన్నారని చెప్పింది. చార్టర్లలో నల్లజాతి పిల్లలూ, పేద పిల్లలూ ఎక్కువ కదా అని చార్టర్ల సమర్థకులు అన్నారు. ఆ అభ్యంతరానికి జవాబు వెతికినవారిలో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ముఖ్యులు. చార్టర్‌లో ఉన్న ప్రతి పిల్లవాడికీ, అదే తరగతి, అదే జాతి, అంతే పేదరికం, అవే పాత మార్కులు ఉన్న మామూలు బడి పిల్లలను జోడీగా పెట్టి చూశారు. పేదరికానికి వాళ్ళ కొలమానం సర్కారు ఇచ్చే ఉచిత లేదా తగ్గింపు ధర భోజనానికి అర్హత. 2009లో 16 రాష్ట్రాల ఫలితం వచ్చింది. లెక్కల్లో 17 శాతం చార్టర్లు మెరుగు, 46 శాతం సమానం, 37 శాతం అధ్వానం. ఆ పేరు తగిలించుకున్నంత మాత్రాన చదువు రాదని తేలింది.

చిన్న హైస్కూలుకు అసలు చిక్కు ఉత్తీర్ణత శాతంతో వస్తుంది. చివరి ఏడాదిలో 20 మందే ఉంటే, ఒక్క పిల్ల మానేసినా శాతం ఐదు పడిపోతుంది. అంతకన్నా కఠినమైనది నాలుగేళ్ళ లెక్క. తొమ్మిదో తరగతిలో ఏ బడిలో చేరినా, గడియారం ఆ రోజునుంచే తిరుగుతుంది. ఒక కుర్రాడు పెద్ద హైస్కూల్లో రెండేళ్ళు వృథా చేసుకుని, పద్దెనిమిదో ఏట చిన్న బడికి వచ్చాడనుకోండి. బదిలీ అయిన క్షణంలో పాత బడి లెక్కలోంచి వాడి పేరు పోతుంది, దాని శాతం పెరుగుతుంది. కొత్త బడి వాడిని ఇరవయ్యో ఏట పాస్ చేయించినా, నాలుగేళ్ళ లెక్కలో వాడు తప్పినవాడే. వదిలించుకున్న బడికి మెప్పు, చేరదీసిన బడికి మచ్చ. ఈ ఒక్క లెక్కా నన్ను బాగా బాధిస్తుంది. 2015 నాటి కేంద్ర చట్టం ప్రకారం, మూడోవంతు మంది గట్టెక్కకపోతే ఆ హైస్కూలును సరిదిద్దాల్సినవాటి జాబితాలో చేరుస్తారు.

మిన్నెసోటా ఇందుకు కొంత దారి చూపింది. నాలుగేళ్ళ శాతంతో పాటు ఐదు, ఆరు, ఏడేళ్ళ శాతాలనూ ప్రకటిస్తుంది. ఇరవయ్యేళ్ళకు పట్టా అందుకున్న కుర్రాడు ఆ పట్టికలో పాసైనవాళ్ళ వరుసలోనే ఉంటాడు.