నాదపాఠములు: కృతిగానమును, పల్నాటి వీరగాథయు

ఒక కావ్యమునకు నాలుగు తాళపత్రప్రతులు లభించినప్పుడు పండితులు వానిని ప్రక్కప్రక్కల నుంచుకొని, పాఠభేదములను గుర్తించి, లేఖకప్రమాదములను వేఱుచేసి, మూలమునకు సమీపమైన పాఠమును నిర్ణయింతురు. గ్రామఫోను రికార్డులు పుట్టిన పిమ్మట సంగీతరసికులును దమకుఁ దెలియకయే యీ పనికిఁ బూనుకొనిరి. ఒకే కృతిని ఇరువురు విద్వాంసులు పాడిన రికార్డులను వెంటవెంట విని, ఈ సంగతి వీరియందుఁ గలదు, వారియందు లేదు. ఇచట సాహిత్యపదము మాఱినది. అచటఁ గాలప్రమాణము హెచ్చినది అని వాదించుకొనుట పాఠపరిష్కరణమే కాని వేఱు కాదు. ఎవరి రికార్డు మేలను వివాదము క్రింద ఏది పాఠమను ప్రశ్న దాఁగియున్నది. ఈ ప్రశ్నకు కృతుల విషయమున నొక సమాధానమును, వీరగాథల విషయమున వేఱొక సమాధానమును గలవు. ఆ భేదమును మఱచినచోఁ బల్నాటి వీరగాథ వంటి సజీవవాఙ్మయమునకు హాని కలుగును.

భారతదేశమున గ్రామఫోను కంపెనీవారి తొలి గానముద్రణములు 1902వ సంవత్సరము నవంబరు నెలలోఁ గలకత్తాయందు జరిగెను. వానిలో గౌహర్‌జాన్ పాటలు మిగులఁ బ్రసిద్ధములు. లక్కతోఁ జేసిన పది అంగుళముల రికార్డు నిమిషమునకు 78 చుట్లు తిరుగును. దాని యొక వైపున ఇంచుమించు మూఁడు నిమిషముల గానమే పట్టును. రాగాలాపనమును దీర్ఘముగ విస్తరింపఁగల విద్వాంసుఁడు సైతము ఆ మూఁడు నిమిషములలోఁ బల్లవిని ముగింపవలసివచ్చెను. సంగతులు తగ్గెను, నెరవు తొలఁగెను, కాలము త్వరితమయ్యెను. కావుననే పాతరికార్డును విని, ఆ విద్వాంసుఁడు సభయందును ఇట్లే పాడెడివాఁడని నిశ్చయించుట, తాళపత్రపు వెడల్పును బట్టి కవి యొక్క శ్వాసను గొలుచుట వంటిది. 1948వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన దీర్ఘకాల రికార్డును, తరువాత వచ్చిన టేపును ఈ యిఱుకును సడలించెను.

ఆంధ్రదేశమునఁ గపిలవాయి రామనాథశాస్త్రి రంగస్థలపద్యములును, ద్వారం వేంకటస్వామినాయుఁడు (1893–1964) ఫిడేలు వాదనమును రికార్డుల మూలమున సభలకుఁ బోలేని వారి యిండ్లకుఁ జేరెను. అంతకుముందు ఒక విద్వాంసుని మఱియొకనితోఁ బోల్చువాఁడు జ్ఞాపకమునే నమ్మవలసియుండెను. రికార్డు వచ్చిన పిదప శ్రోతకు ముల్లును వెనుకకుఁ ద్రిప్పి మరల వినుట సాధ్యమయ్యెను. మరల వినఁగలుగుటయే విమర్శకు మొదటి మెట్టు.

కృతిగానమున నిట్టి తారతమ్యపరీక్షకు దృఢమైన యాధారము గలదు. త్యాగరాజస్వామి (1767–1847) కృతులు ఉమయాళపురము, వాలాజాపేట, తిల్లైస్థానము మొదలగు శిష్యశాఖలలో భిన్నపాఠాంతరములతో నిలిచినవి. ఆంధ్రదేశమున మానంబుచావడి వేంకటసుబ్బయ్య వలన సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రియు, వారి వలనఁ బారుపల్లి రామకృష్ణయ్య పంతులును, వారి వలన మంగళంపల్లి బాలమురళీకృష్ణయు (1930–2016) నేర్చిరి. శాఖ లెన్నియైనను మూలకర్త యొక్కఁడే. కావున రెండు రికార్డులు భేదించినప్పుడు, ఆయన యుద్దేశించిన దేది యని యడుగుట యుక్తమే.

ఆభేరిరాగ మిందుల కుదాహరణము. సంప్రదాయగ్రంథములయం దీ రాగము శుద్ధధైవతముతోఁ గానవచ్చును. నేఁటి సభలలోఁ జతుశ్శ్రుతిధైవతముతో వినఁబడుచున్నది. ఈ రాగమునఁ బాడఁబడు ‘నగుమోము’ కృతికి ముసిరి సుబ్రహ్మణ్య అయ్యరు (1899–1975) రికార్డు వంటివి గొప్ప వ్యాప్తిని గల్గించినవి. ఎక్కువగా విన్న పాఠమే ప్రమాణమని శ్రోత తలఁచుట సహజము. కాని వ్యాప్తి వేఱు, ప్రామాణ్యము వేఱు. ఇట్టి తావున రికార్డులతోడనే తృప్తినొందక, 1904వ సంవత్సరమునఁ దెలుఁగు లిపిలో నెట్టయాపురమున ముద్రితమైన సుబ్బరామదీక్షితుల ‘సంగీతసంప్రదాయప్రదర్శిని’ వంటి గ్రంథమును గూడ సాక్షిగాఁ బిలువవలెను.

వైయాకరణు లీ విషయమును రికార్డులు పుట్టక చాల పూర్వమే విచారించిరి. తపరకరణమును గూర్చిన సూత్రభాష్యమునఁ బతంజలి భేరీదృష్టాంతమును జెప్పెను. భేరిని మ్రోఁగించినవాఁ డొకఁడు ఆ నాదము వినఁబడుచుండఁగా నిరువది యడుగులు పోవును, ఒకఁడు ముప్పది, మఱియొకఁడు నలువది. స్ఫోట మంతయే, వృద్ధి ధ్వని చేసినది. భర్తృహరి యీ ధ్వనినే ప్రాకృతమనియు వైకృతమనియు విభజించి, ద్రుతమధ్యవిలంబితవృత్తులు వైకృతధ్వనికిఁ జెందినవనెను. రికార్డు మనకుఁ జూపునది వైకృతధ్వనిని. అదియు యంత్రాధీనము: 78 చుట్లకు మాఱుగా 82, 83 చుట్లు తిరిగినచోఁ గాలము హెచ్చుటయే కాక, శ్రుతియు నించుమించు ఒక స్వరస్థానము పైకి జరుగును. యంత్రవేగమును సరిచూడక ఇరువురు గాయకుల శ్రుతిని బోల్చువాఁడు గాయకులను గాక యంత్రములను బోల్చుచున్నాఁడు.

ఇంతవఱకుఁ జెప్పినది కర్త తెలిసిన కృతులకు వర్తించును. కర్త యొక్కఁడని చెప్పరాని గాథకు ఇది వర్తించునా? ఈ ప్రశ్నకుఁ బల్నాడే తగిన పరీక్షాస్థలము. 2022వ సంవత్సరమున నరసరావుపేట కేంద్రముగా ప్రత్యేకజిల్లా యైన యీ సీమలో గురజాల నలగామరాజునకును, మాచర్ల మలిదేవునకును రాజధానులు. పండ్రెండవ శతాబ్దిలో జరిగినదని చెప్పఁబడు యుద్ధమునకు నాగులేటి యొడ్డున నున్న కారెంపూడి రంగము. అచట నేఁటికిని ఏఁటేఁట కార్తికమాసాంతమున వీరారాధనోత్సవములు జరుగుచున్నవి. రాచగావు, రాయబారము, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అను నైదుదినముల పేళ్లే కథాఘట్టములను స్మరింపఁజేయును. వీరవిద్యావంతు లీ గాథను వంశపారంపర్యముగాఁ బాడుచు వచ్చిరి.

ఈ గానమునకుఁ బ్రాచీనసాక్ష్యము గలదు. వినుకొండ వల్లభరాయని పేరఁ బ్రసిద్ధమైన ‘క్రీడాభిరామము’న ఓరుగంటిలో నొక స్త్రీ పల్నాటి వీరుల కథను ద్రుతతాళమునఁ బాడుట వర్ణితము. ఆనాఁటికే యీ పాట పల్నాటి యెల్లలు దాఁటినదని యిందువలనఁ దేలుచున్నది. శ్రీనాథకృతమని ప్రసిద్ధమైన ద్విపదను 1911వ సంవత్సరమున అక్కిరాజు ఉమాకాంతము ప్రకటించెను. అందుఁ బ్రధానముగా దొరకినది బాలచంద్రుని యుద్ధభాగము. పాటగాండ్ర కథాచక్రమో, బ్రహ్మనాయుని పుట్టుక మొదలు యుద్ధాంతము దాఁక విస్తరించినది. జీన్ రోఘేర్ అను అమెరికా విద్వాంసుఁడు 1970వ దశకమునఁ బల్నాటి గాయకుఁడగు ఆలిసెట్టి గాలెయ్య పాడిన గాథను టేపుపైఁ గైకొని, దాని యాంగ్లానువాదమును 1982లో నాక్స్‌ఫర్డువారిచేఁ బ్రకటింపించెను.

ఇప్పుడు ద్విపదయు, టేపుపాఠమును భేదించినచో నేది సరియైనది? శ్రీనాథుఁడు మూలమనియు, గాయకుఁడు దానిని జెఱిచెననియు ననువారు వల్లభరాయని సాక్ష్యమును మఱచుచున్నారు: ఆ స్త్రీ యొక గ్రంథమును జదువుట లేదు, పాడుచున్నది. గాయకుఁడే మూలమనియు, కవి దానిని మార్చెననియు ననువారు గాయకుఁడును దఱినిబట్టి, శ్రోతనుబట్టి కథను బెంచుననియుఁ గుదించుననియు మఱచుచున్నారు. గాథయందు స్థిరమైనది పదపాఠము కాదు. వీరుల పేళ్లు, స్థలములు, ఘట్టముల వరుస, ప్రతిజ్ఞలు, మరణములు. స్ఫోటస్థానమున నిలిచినవి యివియే. తక్కినది ధ్వని. కావున రెండు గానములను జేర్చి ‘శుద్ధపాఠము’ను గల్పించినచో, అది యెవ్వఁడు నెన్నఁడును బాడని మూఁడవపాఠ మగును.

అందుచేత గాథాముద్రణములను బోల్చువారు తాళపత్రపరిష్కర్తల మార్గమును గొంత విడువవలెను. ప్రతిగానమును వేఱువేఱు గ్రంథముగాఁ బరిగణింపవలెను. పాడినవాని పేరును, గురుపరంపరను, స్థలమును, దినమును, వాద్యములను, ఉత్సవమునఁ బాడెనో యడిగినందునఁ బాడెనో యను విషయమును రికార్డుతోఁ జేర్చి వ్రాయవలెను. గాయకుఁ డొక పేరును రెండు విధములఁ బలికినచో రెంటిని నుంచవలెను. వ్యాకరణమునకు విరుద్ధమని తోఁచిన రూపమును దిద్దరాదు. పల్నాటి పలుకుబడికి అదియే సాక్ష్యము. ఒకే గాయకుఁడు ఒకే ఘట్టమును రెండు తావులఁ బాడిన ముద్రణములు దొరకినచో, అవి ఇరువురు గాయకుల ముద్రణములకంటె విలువైనవి. స్థిరభాగమేదో చరభాగమేదో వానివలననే తేటపడును.

ఒక పాఠము అచ్చుపడిన వెంటనే తక్కిన పాఠములు తప్పులుగాఁ దోఁచుట వాఙ్మయచరిత్రమునఁ బలుమాఱు జరిగిన సంగతి. రికార్డునకు నచ్చుకంటె నెక్కువ బలము గలదు. ఏలయన నది కంఠమును గూడ వినిపించును. కృతిగానమున దీనివలన శాఖాభేదములు సన్నగిల్లినను, స్వరలిపిగ్రంథములు కొంతవఱకు రక్షించును. వీరగాథకు నట్టి గ్రంథము లేదు. ప్రసిద్ధికెక్కిన యొక్క ముద్రణమునే ప్రమాణమని పండితులు బోధించినచో, యువగాయకుఁడు తన తండ్రి పాటను విడిచి రికార్డును వల్లించును. అప్పుడు గాథ నిలుచును గాని గాథాకారుఁడు నశించును. ఒక్క ముద్రణమును బూజించుటకంటెఁ బది ముద్రణములను భేదములతోడనే కాపాడుట మేలు. భేరి యొక్కటియే యైనను, దాని నాద మెంతదూరము పోవునో మ్రోఁగించువాని చేతిలో నున్నది. ఆ చేతులు తఱుగకుండఁ జూచుటయే పరిశోధకుల మొదటి కర్తవ్యము.