ఏడు హాలీలు, ఆరు కల్దార్లు

నూరు కల్దార్ రూపాయలకు నూట పదహారు హాలీ రూపాయల పది అణాల ఎనిమిది పైలు. నిజాం రాజ్యంలో జమాఖర్చులు రాసిన ప్రతి గుమాస్తాకూ కంఠతా వచ్చిన లెక్క ఇది. కల్దార్ అంటే బ్రిటిష్ ఇండియా రూపాయి, హాలీ సిక్కా అంటే హైదరాబాదు సొంత రూపాయి. ఆరు కల్దార్లు ఏడు హాలీలకు సమానమని క్లుప్తంగా చెప్పుకునేవారు. ఇంత వంకర అంకెను ఏ దివానూ కూర్చుని కల్పించి ఉండడు. అది వెండిలోంచి పుట్టింది.

తూచి చూస్తే తెలుస్తుంది. కల్దార్ బరువు 180 గ్రెయిన్లు, సరిగ్గా తులం. అందులో పన్నెండింట పదకొండు పాళ్లు వెండి, అంటే అసలు వెండి 165 గ్రెయిన్లు. హాలీ బరువు సుమారు 172 గ్రెయిన్లు. వెండి పాలు కూడా తక్కువే, నూటికి 82కు కాస్త లోపు. కరిగిస్తే మిగిలే అసలు వెండి 141 గ్రెయిన్ల దగ్గర తేలుతుంది. నూరు కల్దార్లలో ఉన్నంత వెండి కావాలంటే దాదాపు 117 హాలీలు పోయాలి. సర్కారు కాగితం మీదికి ఎక్కకముందే ఈ నిష్పత్తి షరాబు త్రాసులో ఉంది.

అయితే అంతకుముందు హాలీ అనే ఒకే నాణెం ఉండేది కాదు. నారాయణపేటలో ఒక టంకశాల, గద్వాలలో ఒకటి, వనపర్తి సంస్థానపు సుగూరులో మరొకటి. ఒక్కోచోటి రూపాయి ఒక్కో తీరు. ఊరు మారితే షరాబు వట్టం పట్టుకునేవాడు, ఆ నష్టమంతా చివరికి రైతు మీదా చిల్లర వర్తకుడి మీదా పడేది. 1853లో దివాను పదవి చేపట్టిన సాలార్ జంగ్ హయాంలో నాణేల ముద్రణ క్రమంగా రాజధానిలోని సర్కారు టంకశాల చేతికి వచ్చింది. సాలార్ జంగ్ పేరు చెబితే మనకు మ్యూజియం గుర్తొస్తుంది గానీ (అది ఆయన మనవడు సేకరించినది), నా దృష్టిలో సామాన్యుడికి ఎక్కువ మేలు చేసింది ఈ పనే.

రెండూ వెండి నాణేలే కాబట్టి వెండి ధర పెరిగినా తగ్గినా కలిసే కదిలేవి. 1893లో ఆ జోడీ విడిపోయింది. ప్రపంచంలో వెండి ధర పడిపోతుంటే, ఎవరు వెండి తెచ్చినా రూపాయలు కొట్టి ఇచ్చే పద్ధతిని బ్రిటిష్ ఇండియా ఆ ఏడాది ఆపేసింది. నాణేలు కొత్తగా రావడం తగ్గి కల్దార్ విలువ తనలోని వెండి కంటే పైకి లేచి, ఇంగ్లండు నాణెం లెక్కలో 16 పెన్నీల దగ్గర నిలిచింది. హాలీకి అలాంటి ఊతం లేదు. పక్క రాజ్యపు రూపాయి వెండిని వదిలి బంగారం వైపు జరిగితే, వెండినే నమ్ముకున్న రూపాయి ఒడిదుడుకుల్లో పడక తప్పదు.

అసలు కథ ఇక్కడే మొదలైందని నా నమ్మకం. వెండి ఇక ఆ లెక్కను మోయలేదు, ప్రభుత్వమే మోయాలి. ముద్రణ పూర్తిగా సర్కారు చేతిలో ఉండాలి, అవసరానికి మించి నాణేలు విడుదల చేయకూడదు, అడిగినవారికి ఇవ్వడానికి కల్దార్లు నిల్వ ఉండాలి. ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో చార్మినార్ బొమ్మతో యంత్రంపై కొట్టిన కొత్త రూపాయి వచ్చింది. తర్వాత మారకం రేటును కాపాడేందుకు ప్రత్యేక నిధి ఏర్పడింది. ఏడుకు ఆరు అనే పాత వెండి లెక్క అలా ప్రభుత్వం నిలబెట్టే మాట అయింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో కథ తిరగబడింది. వెండి కరువై ధర ఎగబాకింది. 1918లో హైదరాబాదు సొంత కాగితపు నోట్లు వేసింది. పేరు ఉస్మానియా సిక్కా, పొట్టిగా ఓ.ఎస్. ఆ నోట్ల మీద ఉర్దూ, మరాఠీ, కన్నడాలతో పాటు తెలుగు కూడా ఉండేది. 1942లో గన్‌ఫౌండ్రీలో మొదలైన హైదరాబాద్ స్టేట్ బ్యాంకుకు ఈ కరెన్సీ నిర్వహణ అప్పగించారు.

మన 'నూట పదహార్ల' కట్నం ఈ రేటులోంచే వచ్చిందని చాలామంది చెబుతారు. నాకు నమ్మకం కుదరదు. అదే నిజమైతే వెయ్యికి 1166 రావాలి, 1116 కాదు.

రోజువారీ లెక్కలో ఒక చిక్కు ఉండేది. కల్దార్‌ను హాలీ చేస్తే రూపాయి రెండణాల ఎనిమిది పైలు, శేషం లేదు. హాలీని కల్దార్ చేస్తే పదమూడణాల ఎనిమిది పైలు, ఆపైన పైలో ఏడింట నాలుగు వంతులు. కోదాడ దాటి జగ్గయ్యపేటలో సరుకు కొనే మనిషికి ఆ ముక్క ఎవరిస్తారు? చిన్న బేరంలో అది మార్చేవాడికే మిగులుతుంది.

1947 నవంబరులో యథాతథ ఒడంబడిక కుదిరాక, భారత రూపాయి తమ రాజ్యంలో చెల్లదని నిజాం ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. ఢిల్లీ దాన్ని ఒడంబడిక ఉల్లంఘనగా పరిగణించింది. దశాబ్దాలుగా షరాబులకూ గుమాస్తాలకూ చెందిన విషయం ఒక్కసారిగా సార్వభౌమత్వపు తగాదా అయింది. 1948 సెప్టెంబరులో ఆ తగాదా సైన్యంతో ముగిసింది.

రేటు మాత్రం మారలేదు. 1950లో భారత రూపాయి వచ్చినప్పుడు మార్పిడి పాత లెక్కనే, ఏడుకు ఆరు. ఈ నిర్ణయం న్యాయమైనదని అనుకుంటాను. ఓడిన రాజ్యపు డబ్బు అని తగ్గించి ఉంటే, ఉన్న కాస్త కూడబెట్టుకున్న కుటుంబాలే నష్టపోయేవి. హాలీ సిక్కాలో రాసిన పాత క్రయపత్రాల్లో 700 అని కనిపిస్తే, భారత రూపాయల్లో 600 అని లెక్క కట్టుకోవాలి.